చెవిటి ట్రాక్టరుకు తలంటు

అక్కా,

ముందే చెబుతున్నాను, నా అక్షరాలు చూసి నవ్వకు. ఒత్తు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. అనుమానం వచ్చిన చోటల్లా ఒకటి పెట్టేశాను, ఎక్కువైనవి నువ్వే తీసేసుకో. మూడేళ్ల చదువుకు ఇంతకంటే ఏం వస్తుంది? కాగితానికి గీతలు లేవు, అందుకని వరుసలన్నీ కుడివైపు పోయేకొద్దీ కిందికి జారాయి. ఈ వారం నా చేతిలో పడ్డ ప్రతిదీ జారుతూనే ఉంది, కాబట్టి రాతను ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు.

అందరిలా గోడకు చెప్పి పంపొచ్చు కదా అంటావు. పంపొచ్చు. నేనిక్కడ మూడో అద్దాల పందిరిలో గోడకు గుసగుసగా చెప్పిన మాటను అక్కడ మీ ఏడో పందిరి గోడ వాకిట్లో పదిమంది వింటుండగా గొంతెత్తి చదువుతుంది. మీ ఆడపడుచు కడుపునొప్పి సంగతి మాకందరికీ తెలిసింది అలాగే. అందుకే ఈ కాగితం. సరుకుల బండి మీ వైపు వచ్చేదాకా ఏ రోజుది ఆ రోజు రాసి పెడతాను.

సోమవారం

పెళ్లినాడు గడప దగ్గర నాతో పేరు చెప్పించారు, గుర్తుందా? నా వెనక నిలబడి నడుములో పొడిచింది నువ్వే. 'ఫలానా వారి భార్యను, ఫలానాను, వచ్చాను' అని గట్టిగా చెబితే ఇంట్లోని తలుపులు, కుళాయి, పొయ్యి, మాట చెబితే నడిచే మాటబండి, అన్నీ ఆ గొంతు పట్టుకుని, ఇక ఈమె మన మనిషి అని గుర్తుంచుకుంటాయి. నాకు ఆయన పేరు నోటికి రాలేదు. అంతమంది చూస్తుంటే ఎలా వస్తుంది? పెదాలు కదిపి, చివర్లో దగ్గాను. ఆ దగ్గును పొయ్యి పట్టుకుంది. మిగిలినవేవీ ఏమీ పట్టుకోలేదు.

కాబట్టి అక్కా, ఈ ఇంట్లో నేను దగ్గితే పొయ్యి వెలుగుతుంది, ఇంకోసారి దగ్గితే ఆరుతుంది. జలుబు చేసిన వారం వంట ఎలా అయిందో అడగకు. తలుపులైతే నన్ను చూసిన ప్రతిసారీ "మీరు ఎవరండీ?" అని మర్యాదగా అడుగుతాయి. నేను జవాబు చెప్పకుండా నిలబడి, అత్తమ్మ వచ్చి తెరిచినప్పుడు ఆమె కొంగు వెనకే లోపలికి దూరుతాను. మళ్లీ గడప దగ్గర చెప్పిస్తామన్నారు. మళ్లీ చెప్పినా చెప్పాల్సింది ఆ పేరే కదా.

ఈ పందిరి కింద నన్ను పేరు అడగనిది ఒక్కటే ఉంది. చెవిటి ట్రాక్టరు. మొదటి ఓడలో వచ్చిన తోట ట్రాక్టరు అది, దూడంత ఉంటుంది. దానికి చెవీ లేదు, నోరూ లేదు. ఒక పెడలు, రెండు కడ్డీలు, ఒక సీటు. పెడలు తొక్కితే ఆగుతుంది, వదిలితే కదులుతుంది. మా ఇద్దరికీ బాగా కుదిరింది. కింద ఎరువు గుంట దగ్గర ట్రాలీ నింపుకుని, ఏటవాలు దారి ఎక్కి, మెరక మీది మడులకు తోలడం నా పని. పైకి చేరాక పందిరి అద్దంలోంచి రెండు చందమామలూ కనబడతాయి. అక్కడ కూర్చుని ఒక టమాటా తింటాను. ఈ లోకంలో నేను ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోగలిగేది దాని మీదే.

ఈ రోజు సగం దారిలో అది ఆగిపోయింది. మోటారు ఝుమ్మని తిరుగుతూనే ఉంది, చక్రాలు మాత్రం కదలలేదు. రబ్బరు కాలిన వాసన వచ్చింది. తర్వాత మెల్లగా వెనక్కి జారింది. నేనూ దానితోపాటు, ఎంతో మర్యాదగా, మా వంకాయ మడిలోకి దిగాను.

అత్తమ్మ వచ్చింది. అత్తమ్మ పేరు కొమురమ్మ. ఆమె ఒక్క కేక వేస్తే మూడిళ్ల కుళాయిలు ఆగుతాయి.

"ఏందే సారా, గా వంకాయ మడిల ఏం జేస్తున్నవ్?"

"జారింది అత్తమ్మా."

"ఏం జారింది?"

"ట్రాక్టరు."

"దానికి నాలుగు చక్రాలున్నయి, అదెట్ల జారుతది? నువ్వే తోలుడు మరిచినవ్."

నేను తల వంచుకుని విరిగిన వంకాయలు ఏరుకున్నాను. కూరకు సరిపోయాయి.

మంగళవారం

పొద్దున్నే కొలిమి పెద్ద ఓదెలు మామ వచ్చాడు. మా అత్తమ్మకు వరసకు మరిది. మంచివాడే, కానీ ఇనుము కనబడితే దాన్ని కళ్లతోనే కరిగించి తూకం వేసే రకం.

పందిరి ఉత్తరం వైపు అద్దాలను మోసే పక్కటెముక ఒకటి బీటలు వారిందట. దానికి ఇనుము కావాలి. కొలిమి రాజేస్తే గాలి తినేస్తుంది కాబట్టి ఏడాదికి ఒక్కసారే రాజేస్తారు, ఈసారి వచ్చే సోమవారం. ఆ రోజు పందిరిలోని ప్రతి బండీ నిండు బరువుతో, కింది నుంచి పైదాకా, మధ్యలో ఆగకుండా ఏటవాలు దారి ఎక్కాలి. ఆగిన బండి కొలిమిలోకి. మెరకెక్కుడు అంటారు దీన్ని. మా పందిరి పాత కట్టుబాటు.

"వదినె, నీ చెవిటిది నిన్న వంకాయలు తెంపనీకి పోయిందట గద?" అన్నాడు ఓదెలు మామ.

"దాని సంగతి నీకెందుకు? నీ బండి సంగతి నువ్వు జూస్కో."

"నా బండి మాట్లాడుతది. గిది మాట్లాడదు, వినదు, ఇప్పుడు ఎక్కుత కూడ లేదు. మస్తు ఇనుమున్నది దాంట్ల. సోమవారం ఎక్కితే మంచిదే. ఎక్కకుంటే గా పక్కటెముకకు అతుకుబడ్తది."

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. బయటికి పోదామంటే తలుపు "మీరు ఎవరండీ?" అంది. అందుకని అక్కడే నిలబడి మిగిలినదంతా కూడా వినాల్సి వచ్చింది.

ట్రాక్టరు పోతే నాకు మాటబండి ఇస్తారు. మాటబండి నన్ను పేరు అడుగుతుంది. నేను దగ్గుతాను. ఇక బతుకంతా పొయ్యి ముందే, అక్కా.

బుధవారం

మా ఆయన పందిరి బయట ఎండ పలకల మీద దుమ్ము తుడిచే పనిలో ఉంటాడు. పొద్దెక్కాక వచ్చి, ఊపిరి టోపీ తీసి, నాతోపాటు ట్రాక్టరు కిందికి దూరాడు. పెళ్లయ్యాక మేమిద్దరం ఒకరికొకరం అంత దగ్గరగా, అంతసేపు, పట్టపగలు పడుకున్నది అదే మొదటిసారి. ఇది నువ్వు చదివి మరిచిపో.

కింద ఏముందో నాకు అర్థమైనంత చెబుతాను. మోటారుకు ఒక గిలక ఉంది, వెనక గేరు పెట్టెకు ఇంకో గిలక ఉంది. ఆ రెంటినీ చుట్టి ఒక రబ్బరు బెల్టు. మోటారు తిరిగితే బెల్టు తిరుగుతుంది, బెల్టు లాగితే చక్రాలు తిరుగుతాయి. మధ్యలో ఒక చిన్న గిలక ఉంది, అది ఒక ఇనుప చెయ్యికి తగిలించి ఉంటుంది. ఆ చెయ్యిని ఒక స్ప్రింగు గుంజి పట్టుకుంటే, చిన్న గిలక బెల్టును నొక్కి బిగువుగా ఉంచుతుంది. పెడలు తొక్కితే ఆ చెయ్యి వెనక్కి జరిగి బెల్టు వదులవుతుంది, బండి ఆగుతుంది. అంతే. పావడా నాడా లాంటిదే. నాడా వదులైతే ఏమవుతుందో మా బండికీ అదే అయింది.

"స్ప్రింగు ఇంకో కంతకు తగిలిస్తే బిగుస్తది," అన్నాడాయన.

ఆయన పట్టుకున్నాడు, నేను పానాతో లాగాను. స్ప్రింగు ఎగిరి ఆయన ముక్కుకు తగిలింది. "నువ్వు నోటితోని ఏం అనవు గాని, చేతితోని మస్తు అంటవు," అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను, ఆపుకోవడంలో దగ్గు వచ్చింది. లోపల పొయ్యి వెలిగిన చప్పుడైంది.

సాయంత్రం సగం ట్రాలీతో ఎక్కి చూశాను. ఎక్కింది! పైన కూర్చుని రెండు టమాటాలు తిన్నాను. నా అంత పనిమంతురాలు మన వంశంలోనే లేదనుకున్నాను.

గురువారం

ఆ పనిమంతురాలు ఈ రోజు మళ్లీ వంకాయ మడిలో ఉంది.

స్ప్రింగును ఇంకో కంతకు తగిలించాను, అదే చివరి కంత. కింది మట్టం మీద బాగానే పోయింది. ఏటవాలు మొదలు కాగానే మోటారు ఏడ్చింది, వాసన కొట్టింది, జారింది. అత్తమ్మ వచ్చి చూసింది. వంకాయ మొక్కలకు అడ్డంగా ఒక బల్ల తెచ్చి నిలబెట్టి పోయింది. తిట్టు కంటే అదే ఎక్కువ తగిలింది.

మా ఆయన కొత్త బెల్టు కోసం సరుకుల కొట్టు గోడను అడిగాడు.

"మీరు కోరిన వస్తువు ఈ గ్రహం మీద లేదండీ. వేరే గ్రహం మీద వెతకమంటారా?"

"వెతుకు."

"దొరికిందండీ. రావడానికి తొమ్మిది సంవత్సరాలు పడుతుంది. తెప్పించమంటారా?"

ఆయన నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. "వద్దట," అని చెప్పాడు గోడకు.

"వద్దన్నది ఎవరండీ?" అంది గోడ. నేను బయటికి వచ్చేశాను.

శుక్రవారం

శుక్రవారం ఇంటి యంత్రాలకు నూనె పెట్టి, పసుపు అద్దడం కోడలి పని. వచ్చినప్పటి నుంచి ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు, ఈ ఒక్క పనిలోనైనా నాకు పేరు రావాలని. మాటబండికి నూనె పెట్టడం సులువు. "ఇరుసుకు రెండు చుక్కలు చాలండీ. ఇక్కడ వద్దండీ. ధన్యవాదాలండీ," అని అదే చెబుతుంది. తలుపుల బందులు కూడా చెబుతాయి. ఒక్క చెవిటిదే ఏమీ చెప్పదు. ఎక్కడ దాహంగా ఉందో, ఎంత కావాలో దానికి చెప్పడం రాదు. నాలాంటిదే కదా పాపం అని నాకు దాని మీద జాలి. అందుకే దానికి ఎక్కడా తక్కువ కాకుండా తల నుంచి కాలిదాకా పెడతాను.

ఈ రోజు దానికి ఒంట్లో బాగా లేదు కదా, ఇంకా ఎక్కువ పెట్టాను. నా జడకు పెట్టుకునే నువ్వుల నూనె కూడా తెచ్చి గిలకలకు, బెల్టుకు మర్దనా చేశాను. పసుపు నిండుగా అద్ది, సోమవారం పరువు నిలబెట్టు తల్లీ అని చేతులు జోడించాను.

తర్వాత ఎక్కి పెడలు వదిలాను. అది ఏటవాలు కాదు కదా, సాపు నేల మీద కూడా జానెడు కదలలేదు. మోటారు మాత్రం హాయిగా, నూనె పట్టించిన పిల్లలా, గుర్రు గుర్రుమంటూ ఒక్కచోటే తిరిగింది.

ఓదెలు మామ అటుగా పోతూ ఆగి చూశాడు. "ఏం బిడ్డా, కొలిమికి తయారు జేస్తున్నవా? నూనె ఉంటె తొందరగ అంటుకుంటది," అన్నాడు.

అప్పుడు కూడా నాకు వెలగలేదు. నన్ను ఏమనాలో నువ్వే అను.

శనివారం

పొద్దున మళ్లీ కిందికి దూరి, బెల్టు తెగిందేమోనని చేత్తో తడిమాను. తెగలేదు. చేతిని బయటికి తీసి చూస్తే మోచేతి దాకా మెరుస్తోంది. ముఖం మీద వెంట్రుకలు పడితే ఆ చేత్తోనే వెనక్కి తోసుకున్నాను. నా జడ వాసన, నా చేతి వాసన ఒక్కటే.

అక్కా, అక్కడే పడుకుని ఎంతసేపు ఉన్నానో తెలియదు. బెల్టు ఎందుకు జారుతుంది? నూనె పెట్టింది జారకుండా ఉంటుందా? తలంటు రోజున నా తలకు నూనె పెడుతూ నువ్వు ఎన్నిసార్లు అనలేదు, "కదలకే, జడ చేతికి చిక్కుతలేదు" అని. ఆ మాట ఇన్నేళ్లు చెవిలో ఉంది, బుర్రలోకి ఈ రోజు దిగింది. దిగడానికి నా బుర్రకు కూడా నూనె ఎక్కువైందేమో.

నేనే దాన్ని చెడగొట్టాను. ప్రేమతో, భక్తితో, వారం వారం. అది పాపం చాలమ్మా అనలేకపోయింది.

గుడ్డ తెచ్చి తుడవడం మొదలుపెట్టాను. బెల్టు తుడిస్తే నూనె వచ్చింది. గిలకలు తుడిస్తే నూనె కింద పసుపు ముద్ద వచ్చింది. స్ప్రింగు గుంజే ఆ ఇనుప చెయ్యి ఉంది చూడు, దాని మొదట్లో నూనె, పసుపు, ఎర్ర దుమ్ము కలిసి గట్టిపడి, పెద్ద అటుకుల ముద్దంత తయారైంది. చెయ్యి కదలక బిగుసుకుపోయింది. స్ప్రింగు ఎంత గుంజినా ఆ చెయ్యి రాదు, చిన్న గిలక బెల్టును నొక్కదు. స్ప్రింగును కంత మార్చి కంతకు తగిలించి దాన్ని హింసపెట్టడమే నేను చేసింది.

అట్లకాడతో గీకాను. పొర కింద పొర. పసుపు, ఎరుపు, పసుపు, ఎరుపు. గీకుతూ గీకుతూ ఆగిపోయాను. నేనొచ్చి ఆరు నెలలు. ఆరు నెలల శుక్రవారాలకు ఇంత మందం ఎలా వస్తుంది? ఇది నా ఒక్కదాని భక్తి కాదు.

అప్పుడు వెనక నుంచి గిన్నె చప్పుడైంది. అత్తమ్మ. చేతిలో నూనె గిన్నె, ఇంకో చేతిలో పసుపు డబ్బా. శనివారం పూట.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. మూడిళ్ల కుళాయిలు ఆపే మనిషి నూనె గిన్నెను కొంగు చాటుకు జరుపుకుంది.

చివరికి ఆమే అంది. "నువ్వు సరిగ పెడ్తలేవేమో అని... శనివారం శనివారం నేనొక్కింత పెడుత."

"నేను పెడుతున్న అత్తమ్మా. మస్తు పెడుతున్న."

"నేను కూడ మస్తే పెడుతున్న."

నేను చేతిలోని పసుపు ముద్ద చూపించాను. బెల్టు చూపించాను. నా మోచెయ్యి చూపించాను. అత్తమ్మ చేయి పెట్టి తడిమింది, వేళ్లు రుద్దుకుని వాసన చూసింది. తర్వాత ట్రాక్టరు చక్రానికి ఆనుకుని కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆమె అలా నవ్వగలదని నాకు తెలియదు. కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఆగలేదు.

"అయ్యో నా తల్లీ! అత్త ఒకదిక్కు కోడలు ఒకదిక్కు నూనెల ముంచినం గదనే దీన్ని!"

నవ్వు ఆగాక చెప్పింది. ఆమె కూడా ఈ ఇంటికి వచ్చినప్పుడు గడప దగ్గర నోరు విప్పలేదట. మాటబండ్లు ఆమెను కూడా గుర్తుపట్టలేదట. నాలుగేళ్లు దీని మీదే తిరిగిందట.

"మరి గొంతు ఎట్ల వచ్చింది అత్తమ్మా?"

"నీ మొగడు పుట్టిండు. పాకుడు మొదలుపెట్టిండు. ఎరువు గుంటల పడబోతుంటె ఒర్రకుంట ఎట్లుంట? ఒక్కనాడు ఒర్రిన, పందిరంత అద్దాలు అదిరినయి. ఇగ గా రోజు సంది ఆపలే."

అత్తమ్మ లేచి లోపలికి పోయి కుంకుడుకాయల సంచి తెచ్చింది. మోకాళ్ల దాకా ఉన్న ఆమె జడను నువ్వు పెళ్లిలో చూశావు. ఆ సంచిలోవి బతుకమ్మకు తలంటుకోవాలని ఏడాదిగా దాచుకున్న కాయలు. మా పందిరిలో కుంకుడు చెట్టు ఒక్కటే ఉంది, ఇంటికి ఇన్ని అని పంచుతారు.

"వద్దత్తమ్మా," అన్నాను.

"నా తల ఏడికి పోతది? సోమవారం నా తలనేం కొలిమిల ఎయ్యరు. పో, నీళ్లు కాగబెట్టు. దగ్గు పో."

నేను పోయి దగ్గాను.

ఆదివారం

మా ఇంటి వారం స్నానాల నీళ్లన్నీ ఈ రోజు చెవిటిదానికే అయిపోయాయి. మా ఆయన దుమ్ముతో వచ్చి బకెట్లు చూసుకుని, "మరి నేను?" అన్నాడు. "నువ్వు మెరకెక్కుతవారా?" అంది అత్తమ్మ. తడిగుడ్డతో తుడుచుకుని పడుకున్నాడు.

బెల్టు విప్పి, చంటిపిల్లను కాళ్ల మీద వేసుకున్నట్టు వేసుకుని, కుంకుడు నురగతో బీరపీచు పెట్టి రుద్దాను. మొదటి నురగ నల్లగా, రెండోది పచ్చగా, మూడోది తెల్లగా వచ్చింది. అత్తమ్మ గిలకలు తోమింది. ఇనుప చెయ్యి మొదట్లో మిగిలిన ముద్దంతా వేడి కుంకుడు రసం పోసి, అట్లకాడతో గీకి, మళ్లీ పోసి, మళ్లీ గీకాం. ఒక్కసారిగా టక్కున చప్పుడై ఆ చెయ్యి దానంతటదే స్ప్రింగు గుంజిన వైపుకు వచ్చి నిలబడింది. ఇన్నాళ్లకు ఒళ్లు విరుచుకున్నట్టు.

"సాంబ్రాణి ఒక్కటే తక్కువ," అంది అత్తమ్మ.

స్ప్రింగును మొదటి కంతకే తగిలించాను. బెల్టు ఆరాక ఎక్కించాను. ఇక ఆ చెయ్యి తిరిగే చోట మాత్రం నూనె కావాలా వద్దా అని ఇద్దరికీ పేచీ వచ్చింది. ఇనుము మీద ఇనుము తిరిగేది అదొక్కటే, అక్కడ కావాలని నేను. ఇక జన్మలో నూనె జోలికి పోవద్దని ఆమె. ఆఖరికి గడ్డిపరకతో ఒక్క చుక్క వేశాను. అత్తమ్మ గిన్నె తీసుకుపోయి అటక మీద పెట్టింది, ఇద్దరికీ అందనంత ఎత్తులో.

ఎక్కించి చూద్దామంటే రేపటి పరీక్షకు దారి కడిగి మూసేశారు. ఎక్కుతుందో లేదో తెలియకుండానే పడుకోబోతున్నాను.

సోమవారం

గబగబా రాస్తున్నాను, అక్షరాలు ఇంకా ఘోరంగా ఉంటాయి, ఓర్చుకో.

పందిరి మొత్తం దారికి రెండు వైపులా నిలబడింది. కింద ఒక పక్కన కొలిమి ఎర్రగా ఉంది. మాటబండ్లు ఒక్కొక్కటే ఎక్కాయి. చివర మా వరసలో, ముందు ఓదెలు మామ బండి, మీద మనిషి లేకుండా దాని దారిన అది. వెనక నేను, నిండు ట్రాలీతో.

పెడలు మీంచి మెల్లగా కాలు తీశాను. కదిలింది. వంకాయ మడిని, అత్తమ్మ బల్లను కూడా తాకకుండా దాటింది. ఏటవాలు మొదలైంది. మోటారు గొంతు బరువెక్కింది, కానీ ఏడవలేదు. వాసన లేదు. సగం దారి, పోయిన సోమవారం జారిన చోటు వచ్చింది. దాటేసింది!

అప్పుడే ముందున్న ఓదెలు మామ బండి ఆగింది.

"వెనక వస్తున్న బండి ఏదో తెలియడం లేదండీ," అంది. మాటబండ్లు వాటిలో అవి మాట్లాడుకుంటాయి కదా, చెవిటిది దానికి జవాబు చెప్పలేదు మరి. "దయచేసి మీ పేరు, మీ వారి పేరు చెప్పండి. చెప్పేవరకు కదలనండీ."

నేను ఆగితే కొలిమి. ఆగకపోతే దాన్ని గుద్దుతాను. నాలుగు గజాల దూరం ఉందేమో.

అలవాటు కొద్దీ ముందు దగ్గాను. మా ఇల్లు ఆ దారి పక్కనే, పొయ్యి వెలిగే ఉంటుంది.

"అర్థం కాలేదండీ," అంది బండి.

కింద నుంచి అత్తమ్మ అరిచింది. "చెప్పవే సారా! నా కొడుకు పేరే గదనే, బూతా? చెప్పు!"

రెండు గజాలు. నా కాలు పెడలు మీదికి పోతోంది. పైన అద్దంలో రెండు చందమామలు కనబడుతున్నాయి. రేపటి నుంచి ఇవి ఉండవు అనుకున్నాను. అంతే అక్కా, తర్వాత వచ్చిన గొంతు నాది కాదు.

"రాజమొగిలి పెండ్లాన్ని! సారవ్వను! జరుగూ!"

అద్దాలు అదిరాయి. ఓదెలు మామ బండి "క్షమించండి" అని కూడా అనలేదు, ఒక్క గెంతులో పక్కకు తప్పుకుంది. నేను ఆగకుండా, ఆపకుండా పైదాకా పోయాను. పైకి చేరాక పెడలు తొక్కాను, తొక్కాక గానీ నోరు మూతపడలేదు.

కింద ఎవరో ఈల వేశారు. అత్తమ్మ గొంతు వినబడింది. "ఏం ఓదెలు మరిదీ! ఆగిన బండి కొలిమిల ఎయ్యాలె గద? ఎవ్వల బండి ఆగింది?"

"అరె వదినె, అది నీ కోడలి కోసం ఆగింది..."

"కట్టుబాటు కట్టుబాటే!"

ఆ బండిని కొలిమిలో వేయలేదు, కంగారు పడకు. దాని వెనక తగిలించిన పాత ఇనుప కమ్మీలు రెండు ఊడదీసి ఇచ్చి బతికించుకున్నాడు. చెవిటిదాని వైపు మాత్రం మళ్లీ చూడలేదు.

నేను పైన కూర్చుని టమాటా తీశాను. కొరకబోతుంటే పక్కన నీళ్ల కుళాయి పలికింది. "నమస్కారం సారవ్వ గారూ." తర్వాత గాలి తలుపు. "నమస్కారం సారవ్వ గారూ." కిందికి దిగుతుంటే దారిపొడవునా ప్రతి గోడా, ప్రతి బండీ, ఇళ్లలోని పొయ్యిలతో సహా. ఒక్క అరుపుకు పందిరి మొత్తం నా గొంతు పట్టుకుంది. సిగ్గుతో ట్రాలీ కింద దాక్కోవాలనిపించింది. దాక్కుంటే ట్రాలీ తలుపు కూడా పలకరిస్తుందేమోనని భయపడి మానేశాను.

ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద పప్పు మాడిపోయి ఉంది. ఆ దగ్గు వెలిగించిందే.

మా ఆయన బయట పలకల మీద ఉండగా ఆయన టోపీలో వినబడిందట. పని మధ్యలోంచి వచ్చేశాడు. గడపలో నిలబడి నవ్వుతున్నాడు. ముక్కు మీద స్ప్రింగు దెబ్బ ఇంకా ఎర్రగానే ఉంది.

"మళ్లొక్కసారి అను," అన్నాడు.

నేను దగ్గాను.

మంగళవారం

సరుకుల బండి కూత వినబడుతోంది, ఇక ముగిస్తాను. గొంతు వచ్చింది కదా అని అత్తమ్మ పొద్దుటి నుంచి నాకు మాటబండి పనులు కూడా చెబుతోంది. నేను చెవిటి ట్రాక్టరు మీదే కూర్చుని, చెవిటిదానిలాగే ఉన్నాను. శుక్రవారం నుంచి దానికి ఒక్క గడ్డిపరక చుక్కే, అదీ ఇద్దరం కలిసి, ఒకరిని ఒకరు చూస్తుండగా. నూనె సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పకూడదని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. బెల్టు దానంతటదే బాగైందని చెప్పుకుంటున్నాం.

నీకొక్కదానికే రాశాను. చదవగానే దీన్ని కాల్చెయ్యి అక్కా. నూనె సంగతికి కాదు, ఎవరైనా చూస్తే చూశారు. ఆయన పేరు రాసేశాను. నోటితో అన్నది గాలిలో కలిసిపోతుంది, రాసింది అలాగే ఉండిపోతుంది. బావ చూశాడంటే నన్ను జన్మంతా ఏడిపిస్తాడు. ముందు ఆ పేరున్న కాగితం పొయ్యి మీద పెట్టు, తర్వాత మిగిలినవి. పొగగంట మోగి ఎవరైనా వస్తే వంకాయ మాడిందని చెప్పు.

నీ చెల్లెలు,
సారవ్వ